చేతులు కట్టుకుంటే లెక్కలు రావు

బరంపురం, గోపాలపురం, చికిటి... ఒడిశాలోని గంజాం జిల్లాలో ఏ ఊళ్లోనైనా చిన్న తరగతుల లెక్కల సంగతి కదిపితే తెలుగు పెద్దల నోట వినబడే మాట దాదాపు ఒకటే. "మా రోజుల్లో ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పకపోతే ఇంటికి పంపేవారు కాదు. ఇప్పుడేమో పుల్లలు, గవ్వలు, కాగితాలు ముందేసి ఆడిస్తున్నారు. ఇంక లెక్కలెక్కడ వస్తాయి?" ఈ మాట తల్లిదండ్రులతో ఆగదు. చాలామంది ఉపాధ్యాయులు కూడా మనసులో ఇదే అనుకుంటారు. పై అధికారి వచ్చినరోజు బోధనోపకరణాలు బల్ల మీద పరుస్తారు, ఆయన వెళ్లగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారు, మళ్లీ నల్లబల్ల మీద "ఆరు ఏడ్లు" మొదలవుతుంది.

అలా అనేవారి ఆందోళన నిజమైనదే. పిల్లలకు లెక్కలు రావడం లేదన్నదీ నిజమే. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. అంటే ప్రాథమిక పాఠశాల చివరి మెట్టు మీద ఉన్న పదిమందిలో ఏడుగురికి భాగహారం చేతకాదు. కానీ రోగం ఉందన్నంత మాత్రాన చెప్పిన కారణం సరైనదైపోదు. ఎక్కాలు వల్లించడం మన బడుల్లో ఏనాడు ఆగింది గనక? పుల్లలు, గవ్వలు తరగతిగదిలోకి వచ్చింది అరుదు, ఎక్కాలు వినిపించడం నిత్యం. నిత్యం జరిగేదాన్ని వదిలేసి, అరుదుగా జరిగేదాని మీద నేరం మోపడం న్యాయం కాదు.

"మా రోజుల్లో" అనే వాదనలో ఇంకో లోపం ఉంది. ఆ రోజుల్లో ఎక్కాలు వచ్చినవారు పై చదువులకు వెళ్లారు, ఉద్యోగాలు చేశారు, ఇవాళ ఆ పద్ధతిని మెచ్చుకుంటున్నారు. ఎక్కం తప్పినందుకు గోడకుర్చీ వేసి, బెత్తం దెబ్బలు తిని, మూడో తరగతిలోనే బడి మానేసిన పిల్లల మాట ఈ చర్చలో ఎవరూ తీసుకురారు. ఒక పద్ధతిని అది గట్టెక్కించినవారి సాక్ష్యంతో మాత్రమే తూచకూడదు.

బట్టీ పట్టిన లెక్క ఎక్కడ విరుగుతుందో చూడాలంటే రెండంకెల తీసివేత ఒకటి చాలు. పలక మీద 52 లోంచి 17 తీసెయ్యమనండి. చాలామంది పిల్లలు 45 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచి రెండు తీసి 5 వేస్తారు, ఐదులోంచి ఒకటి తీసి 4 వేస్తారు. ఆ పిల్లవాడికి ఎక్కాలు రాకపోవడం వల్ల జరిగిన తప్పు కాదది. "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి" అని తనకు నేర్పిన సూత్రాన్నే నమ్మకంగా పాటించాడు. మాష్టారు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అంటారు. పక్కింట్లోంచి తెచ్చింది ఒకటి అయితే ఇక్కడికి వచ్చేసరికి అది పది ఎందుకైంది? ఈ ప్రశ్న పిల్లవాడి బుర్రలో ఉంటుంది, అడిగే ధైర్యం ఉండదు. అడిగినా సూత్రం తప్ప జవాబు దొరకదు.

అదే లెక్క చీపురు పుల్లలతో చేయించి చూడండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు పిల్ల ముందు ఉన్నాయి. పదిహేడు ఇమ్మంటే ముందు విడిగా ఏడు ఇవ్వాలనుకుంటుంది. చేతిలో విడివి రెండే ఉన్నాయి. కాసేపు కట్టల వైపు చూస్తుంది, ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట బ్యాండు లాగేస్తుంది. విడి పుల్లలు పన్నెండయ్యాయి. అందులో ఏడు ఇచ్చింది, ఐదు మిగిలాయి. నాలుగు కట్టల్లో ఒకటి ఇచ్చింది, కట్టలు మూడు మిగిలాయి. ముప్పై అయిదు. ఇక్కడ మంచి మాష్టారు చేసే పని ఒకటుంది. కట్ట విప్పిన ఆ క్షణంలోనే పలక మీద 5 కొట్టించి 4 రాయిస్తారు, 2 ముందు చిన్నగా 1 పెట్టించి 12 చేయిస్తారు. చేతిలో జరిగిన పనీ, పలక మీద రాసిన గుర్తూ ఒకే సమయంలో కలిశాయి. ఆ తర్వాత ఆ పిల్లకు "అప్పు" అనే మాట చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

ఇలాంటి పాఠాలు పాశ్చాత్యుల దిగుమతి అని కొందరు కొట్టిపారేస్తారు. వారు చరిత్ర తిరగేయాలి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ ప్రెసిడెన్సీ వీధిబడుల్లో పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు, అంకెలు దిద్దేవారు. 1780ల చివర్లో మద్రాసు చేరిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు ఆ ఇసుక రాతను చూసి ముగ్ధుడై, ఎగ్మూరులో తాను నడిపిన అనాథ బాలుర బడిలో దాన్ని ప్రవేశపెట్టాడు. 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో వేలాది పిల్లలు ఆ "మద్రాసు పద్ధతి"లో చదువుకున్నారు. వేలికీ చదువుకీ ముడి వేసే విద్య ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది. ఇప్పుడు దాన్ని పరాయిదంటున్నది మనమే.

బడి బయట గంజాం పిల్లలు లెక్కల్లో వెనకబడ్డవారు కారు. బరంపురం బడా బజార్‌లో తండ్రి కూరగాయల బండి దగ్గర నిలబడ్డ పిల్లవాడు, రంభలో చేపల గంప పక్కన కూచున్న పిల్ల చిల్లర ఇవ్వడంలో తడబడరు. ఈ సంగతిని శాస్త్రీయంగా నిర్ధారించిన పరిశోధన 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల్ని పరీక్షించింది. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు కొని, 200 నోటు ఇచ్చారు. పిల్లలు మనసులోనే లెక్కకట్టి 37 రూపాయలు పట్టుకుని 163 తిరిగి ఇచ్చారు. ఇలాంటి లెక్కల్లో రెండో ప్రయత్నానికల్లా 95 నుంచి 98 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే పిల్లలకు కాగితం మీద మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే చేయగలిగింది 32 శాతమే. బడికి మాత్రమే వెళ్లే పిల్లల పరిస్థితి తలకిందులు. కాగితం మీద మెరుగ్గా చేశారు, బజారు లెక్క దగ్గర చతికిలపడ్డారు.

ఇది ఇక్కడి జబ్బు మాత్రమే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద 1985లో అచ్చయిన అధ్యయనంలో బండి దగ్గర 98 శాతం సరైన జవాబులు చెప్పిన పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద పెడితే 37 శాతం దగ్గర ఆగిపోయారు.

ఎక్కాల పక్షం వారు ఇక్కడ గెంతులేసి "చూశారా, ఆటల వల్ల బడి లెక్కలు రావు" అనవచ్చు. వారికి ఇంకా గట్టి ఆయుధం కూడా ఉంది. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధనలో ఢిల్లీలోని 214 పూర్వప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లల్ని తీసుకుని, వారిలో కొందరికి నెలల తరబడి సంఖ్యల, ఆకారాల ఆటలు ఆడించారు. ఆ ఆటలాడిన పిల్లల సహజ సంఖ్యాజ్ఞానం పెరిగింది, ఏడాది తర్వాతా నిలిచింది. ఒకటో తరగతి లెక్కల్లో మాత్రం ఆ ఆధిక్యం కనపడలేదు. ఈ ఫలితాన్ని దాచిపెట్టి కృత్యాల్ని పొగడటం తప్పు. అయితే ఈ ఫలితం చెప్పేది ఎక్కాల పక్షం అనుకునేది కాదు. ఆట ఆటగానే ముగిసిపోతే అది నోటుబుక్కు దాకా రాదు. నోటుబుక్కు నోటుబుక్కుగానే ఉండిపోతే అది బజారు దాకా వెళ్లదు. రెంటినీ కలిపే పని గురువుది, ఆ పని బట్టీతో కాదు. ఈ కారణంగానే పైన చెప్పిన పాఠంలో కట్ట విప్పే చెయ్యీ, పలక మీద 4 రాసే చెయ్యీ ఒకటే కావడం అంత ముఖ్యం. కృత్యాలంటే రంగుల అట్టముక్కల ప్రదర్శన అనుకునే ఉపాధ్యాయులు కూడా ఈ తప్పులో భాగస్వాములే. రాతతో ముగియని కృత్యం సగం పాఠమే.

గంజాం తరగతిగదికి ఉన్న ప్రత్యేకత ఈ వాదనకు ఇంకో బలం. ఇక్కడ ఒకే బెంచీ మీద ఒడియా పిల్ల, తెలుగు పిల్ల కూచుంటారు. కొండవైపు బడుల్లో సవర పిల్లలూ ఉంటారు. 39 అనే సంఖ్య ఈ మూడు భాషల్లో మూడు రకాలుగా నిర్మాణమైంది. తెలుగులో ముప్పై, తొమ్మిది. మూడు పదులు, తొమ్మిది ఒకట్లు వినబడుతూనే ఉంటాయి. ఒడియాలో "అణచాళిశ", అంటే నలభైకి ఒకటి తక్కువ. సంప్రదాయ సవర లెక్కలో పన్నెండు, ఇరవై రెండూ మూలాలే. అందులో 39 అంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఆ సవర భాషకు పాఠ్యపుస్తకాలు, నిఘంటువు, వ్యాకరణం సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసిన పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోదే. 1992లో గజపతి జిల్లా వేరుపడ్డాక అందులోకి వెళ్లింది. సవరలకు సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టిన ఆయన చూపిన దారి లెక్కల గదికీ వర్తిస్తుంది.

ఎక్కం వల్లింపు ఈ ముగ్గురి మధ్య తేడాను తుడిచేయాలని చూస్తుంది. పూసల దండ దాన్నే పాఠంగా మారుస్తుంది. పది ఎర్ర పూసలు, పది తెల్ల పూసలు, మళ్లీ పది ఎర్రవి... ఇలా నూరు పూసలు దారానికి గుచ్చి గోడకు కడితే చాలు. తెలుగు పిల్ల మూడు రంగుల పట్టీలు దాటి తొమ్మిది పూసలు లెక్కపెట్టి క్లిప్పు పెడుతుంది. ఒడియా పిల్లవాడు నాలుగు పట్టీలు దాటి ఒక్క పూస వెనక్కి వస్తాడు. సవర పిల్ల ఇరవై దాటి పన్నెండు, ఆ మీద ఏడు జరుగుతుంది. ముగ్గురి వేళ్లూ ఒకే పూస మీద కలుస్తాయి. అప్పుడు పలకల మీద 30+9, 40-1, 20+12+7 అని మూడూ రాయించి మూడూ సమానమేనని చూపిస్తే, సంఖ్యను విడగొట్టి కలపడం అనే విద్య ఒక పూటలో పట్టుబడుతుంది. పై తరగతుల్లో బీజగణితం కోరేది ఈ విద్యనే. ఒడియా పాఠ్యపుస్తకంలో అంకెలు ఒడియా లిపిలో ఉంటాయి, దుకాణం బోర్డు మీద వేరేగా ఉంటాయి. పూసలు మాత్రం ఎవరికైనా పూసలే.

భాగహారం దగ్గరికి వద్దాం, ఐదో తరగతిలో ఏడుగురు ఓడిపోతున్నది అక్కడే కదా. ఈ నేల మీద పాతుకున్న గంజపా అనే పేకాటను ఎంతమంది లెక్కల మాష్టార్లు వాడుకున్నారు? పర్లాకిమిడి, చికిటి చిత్రకారులు చేతితో చిత్రించిన గుండ్రటి ముక్కలకు పేరుపొందాయి. ఎనిమిది రంగుల ఆటలో రంగుకు పన్నెండు ముక్కలు. రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా. మొత్తం 96. పాత శుభలేఖల అట్టల్ని గుండ్రంగా కత్తిరించి పిల్లల చేతనే ముక్కలు తయారు చేయించవచ్చు. ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరు అన్నది వాళ్ల చేతుల్లోనే తయారవుతుంది. తర్వాత పంచమనండి. నలుగురికి తలా 24. ముగ్గురికి తలా 32. ఐదుగురికి పంచితే తలా 19 వచ్చి ఒక ముక్క మిగిలిపోతుంది. ఆ మిగిలిన ముక్క ఎవరిదన్న గొడవ మొదలవుతుంది చూడండి, శేషం అంటే ఏమిటో ఇక జన్మలో మరచిపోరు. ఒక్కొక్క ముక్కే పంచుతూ కూచోక "ముందు తలా పది పంచేద్దాం" అని ఎవరో ఒక పిల్ల అంటుంది. దీర్ఘ భాగహారంలో మొదటి మెట్టు అదే. వెంటనే దాన్ని బల్ల మీద రాసి చూపడం మాష్టారి పని.

భిన్నాలకు ఇంకా దగ్గర దారి ఉంది. 1/4 పెద్దదా, 1/16 పెద్దదా అంటే చాలామంది పిల్లలు 1/16 అంటారు. నాలుగు కంటే పదహారు పెద్దది కదా. తెలుగు ఇళ్లల్లో అటకల మీద పాత మానికలు, సోలలు, గిద్దలు ఇంకా ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం. గోపాలపురం ఇసుక ఒక బకెట్టు తెచ్చి మానికను సోలతో నింపమనండి, తర్వాత గిద్దతో నింపమనండి. పదహారుసార్లు పోసిన పిల్ల "గిద్ద చిన్నది కాబట్టే అన్నిసార్లు పోయాల్సి వచ్చింది" అని తనే చెబుతుంది. మానికలో సోల 1/4, గిద్ద 1/16. పాతిక, పరక, వీసం అని రోజూ వాడుకలో పలికిన అమ్మమ్మలు ఈ సంగతి బడికి వెళ్లకుండానే ఎరుగుదురు. వారిని ఒకరోజు తరగతికి పిలవడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.

ఖర్చు, సమయం అనే అభ్యంతరాలకు ఎక్కువ మాటలు అవసరం లేదు. చీపురు పుల్లలు, చింతపిక్కలు, గవ్వలు, పాత అట్టలు ఎవరి బడ్జెట్‌నూ తినవు. సమయం మాట నిజమే, కట్టలతో తీసివేత నేర్పడానికి ఒకటికి రెండు పీరియడ్లు పడుతుంది. అదే తీసివేతను మూడో తరగతిలో, నాలుగో తరగతిలో, ఐదో తరగతిలో మళ్లీ మళ్లీ చెబుతూ, అయినా రాలేదని తిట్టే సమయాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఒకే మాష్టారు రెండు మూడు తరగతులు చూసే బడుల్లో ఇది కుదరదంటే, మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ బడుల వైపు చూడాలి. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ బహుళతరగతుల గదుల కోసమే కార్డులు, పనులతో నడిచే పద్ధతిని రూపొందించారు. తమిళనాడులో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై 2007 నాటికి రాష్ట్రమంతటా పాకిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఆ పల్లె బడులే.

పరీక్షల మాటకొస్తే, బరంపురం తల్లిదండ్రులు ఎంతో ఆశతో పిల్లల్ని సిద్ధం చేసే నవోదయ ప్రవేశ పరీక్షనే తీసుకుందాం. ఆరో తరగతి ప్రవేశానికి 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో అంకగణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. ఆ నలభైలో ఏముంటాయి? అద్దంలో బొమ్మ, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా కనిపిస్తుంది, సగం గీసిన ఆకారాన్ని పూర్తి చెయ్యడం, వరసలో తర్వాత వచ్చే బొమ్మ. కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పి చూసిన పిల్లకు ఈ ప్రశ్న ఒక జ్ఞాపకం. ఎక్కాలతో సరిపెట్టిన పిల్లకు అది ఎప్పుడూ చూడని వింత. ధనుర్మాసంలో ఇంటిముందు ఏడు చుక్కల ముగ్గు సందు చుక్కలుగా నాలుగు దాకా దింపే పిల్ల, మొత్తం చుక్కలు ఎన్ని అని అడిగితే 7, రెండు ఆర్లు, రెండు అయిదులు, రెండు నాలుగులు కలిపి 37 అని చెబుతుంది. ఆ ముగ్గు సగం చూసి మిగతా సగం గీయడం ఆమెకు కొత్త కాదు. ఆ నైపుణ్యాన్ని బడి గుమ్మం బయట వదిలి రమ్మంటున్నది మన పద్ధతి.

ఇంతా చెప్పాక ఎక్కాలు వద్దా? కావాలి. ఎనిమిది పన్నెండ్లు ఎంతో గంజపా ముక్కలు పేర్చి తెలుసుకున్న పిల్ల దాన్ని నోటికి వచ్చేదాకా వల్లించాలి. లేకపోతే పెద్ద లెక్కల్లో చెయ్యి తడబడుతుంది. అర్థం ముందు, వల్లింపు తర్వాత. ఈ వరసను తిప్పి, వల్లింపునే లెక్కలని పిలవడం దగ్గరే తెలుగు పెద్దలు పొరబడ్డారు.

కృత్యాలతో నేర్పడం గురువు ఇష్టానికి వదిలేసిన విషయం కూడా కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లలకు అనుకూలమైన రీతిలో కృత్యాలు, అన్వేషణల ద్వారా నేర్చుకోవడాన్ని పాఠ్యప్రణాళిక రూపొందించేటప్పుడు పరిగణనలోకి తీసుకోవాలని నిర్దేశించింది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. బరంపురం తెలుగు వాడల్లోని తల్లులారా, తండ్రులారా, మీ బడి కమిటీ తర్వాతి సమావేశంలో ఎక్కం ఎంతవరకు వచ్చిందని అడగడం పక్కనపెట్టి, బీరువా తాళం తీయించండి. 52 లోంచి 17 పుల్లలతో తీసి, అక్కడికక్కడే పలక మీద రాసి చూపమని పిల్లల్ని అడగండి.